ఆరుగురం, ఒక టెంటు: ఇల్ ద రే దీవిలో గ్లాంపింగ్‌కు ఏమి సర్దుకోవాలి?

థేమ్స్ తీరం — మార్చి 3
అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండులోని రీడింగ్‌లో ఉంటాము. జులై చివర్లో పిల్లల బడికి సెలవులు ఇవ్వగానే ఒక వారం ఫ్రాన్స్ పడమటి తీరంలోని ఇల్ ద రే దీవికి వెళ్ళాలనుకుంటున్నాము. పిల్లలు హోటలు వద్దంటున్నారు, టెంటే కావాలట. మంచాలు, స్టవ్వు, ఫ్రిజ్ ముందే అమర్చి ఉంచే గ్లాంపింగ్ టెంట్లు చూస్తున్నాము.

మొత్తం ఆరుగురం. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప, మే నెలలో రాజమహేంద్రవరం నుంచి వస్తున్న అత్తయ్యగారు, మామయ్యగారు. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, రాత్రిపూట లేవవలసి వస్తుంది. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. మాంసం వండిన పాత్రలో వండితే తినరు.

ఏడు సీట్ల కారు ఉంది కానీ ఆరుగురు కూర్చుంటే సామానుకు సగం డిక్కీ మిగులుతుంది. అందులో ఏమి పట్టుకెళ్ళాలి, ఏమి వదిలేయాలి, అక్కడే ఏమి కొనుక్కోవచ్చు? అసలు పెద్దవాళ్ళను టెంటుకు తీసుకువెళ్ళడం సబబేనా? వెళ్ళి వచ్చినవారు దయచేసి చెప్పండి.

నాంత్ నివాసి — మార్చి 3
ఫ్రాన్స్‌లోని మా ఊరు నాంత్ నుంచి ఆ దీవి రెండు గంటల దారి. మా ఇంటిల్లిపాదికీ ప్రాణం ఆ చోటు. మీరు వెళ్తున్నారంటే చాలా సంతోషంగా ఉంది.

సర్దుకోవడం సంగతి తర్వాత. ముందు టెంటు ఇచ్చేవారికి ఉత్తరం రాయండి. గ్లాంపింగ్ అనే పేరుతో రకరకాలవి అద్దెకు ఇస్తున్నారు. కొన్నిట్లో చెక్క నేల, వంటగది, స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ గుడ్డ గోడల లోపలే ఉంటాయి. కొన్నిట్లో మంచాలు మాత్రమే ఉంటాయి, మిగతా అన్నిటికీ ఉమ్మడి గదుల దాకా నడవాలి. మామయ్యగారి విషయంలో ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీదే సెలవులన్నీ ఆధారపడి ఉంటాయి. మరుగుదొడ్డి లోపల ఉందా, లేకపోతే ఎన్ని మీటర్ల దూరం, దారిలో దీపాలు ఉంటాయా, కారు టెంటు పక్కన ఆపనిస్తారా అని అడగండి. చాలా చోట్ల కార్లు గేటు దగ్గరే వదిలి, సామాను తోపుడు బండిలో తీసుకువెళ్ళాలి.

దిండ్లు, దుప్పట్లు సాధారణంగా ఇస్తారు. పక్కగుడ్డలు, తువ్వాళ్ళు ఇవ్వరు, లేదా విడిగా అద్దె తీసుకుంటారు. పెద్ద మంచం ఎక్కువగా 140 సెంటీమీటర్ల వెడల్పు, 190 పొడవు ఉంటుంది. మీ ఇంగ్లండు డబుల్ పక్కగుడ్డ సరిపోతుంది. గిన్నెలు తోమే పీచు, సబ్బు, చెత్త సంచులు, అగ్గిపెట్టె, పాత్రలు తుడిచే గుడ్డ, మరుగుదొడ్డి కాగితం ఉంటాయని అనుకోవద్దు. మీరు శనివారం సాయంత్రం చేరేసరికి దుకాణాలు మూసేస్తే ఆ రాత్రికి ఇబ్బంది. ఇవన్నీ ఒకే సంచిలో వేసి, ఆ సంచిని అన్నిటికంటే పైన పెట్టండి.

ఇక చలి. జులైలో పగలు 24, 25 డిగ్రీలు ఉండే చోట రాత్రి 15, 16కు దిగుతుంది. సముద్రం మీది గాలి తోడైతే ఇంకా చల్లగా అనిపిస్తుంది. గుడ్డ గోడ వేడిని నిలబెట్టదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూస్తే టెంటు లోపలి వైపు చేతికి తడిగా తగులుతుంది. వాన పడుతున్నప్పుడు నూలు గుడ్డ టెంటు గోడకు లోపలి నుంచి సంచి ఆనించి ఉంచితే, ఆ ఆనిన చోటు నుంచే నీరు లోపలికి ఊరుతుంది. బట్టల సంచులు గోడకు జానెడు దూరంలో, నేల మీద కాకుండా బల్ల మీదో కుర్చీ మీదో పెట్టండి. పెద్దవాళ్ళకు ఉన్ని మేజోళ్ళు, స్వెటరు, మంకీ క్యాపు, మంచి శాలువా తప్పనిసరి.

గోదావరి గట్టు — మార్చి 3
అమ్మా, బట్టల కంటే ముందు వీసా చూడండి. మీ అత్తమామలు ఇంగ్లండుకు సందర్శకులుగా వస్తున్నారు. ఫ్రాన్స్‌కు వాళ్ళకు వేరే వీసా కావాలి, దాన్ని షెంగెన్ వీసా అంటారు. దాని నియమం ప్రకారం ఎవరు ఏ దేశంలో స్థిరంగా నివసిస్తారో ఆ దేశంలోనే దరఖాస్తు చేయాలి. ఇంగ్లండుకు వచ్చాక లండన్‌లో వేస్తామంటే, సొంత దేశంలో ఎందుకు వేయలేకపోయారో కారణం చూపాలి. తీసుకుంటారన్న భరోసా లేదు. అందుకని వాళ్ళు విమానం ఎక్కకముందే హైదరాబాదులో దరఖాస్తు పెట్టించండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. మార్చి వచ్చేసింది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చు భరించే ప్రయాణ బీమా కావాలి. పాస్‌పోర్టు పదేళ్ళలోపు జారీ చేసినదై, ఫ్రాన్స్ నుంచి బయటపడే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లుబాటులో ఉండాలి.

మీదీ మీవారిదీ ఏ పాస్‌పోర్టు? భారతీయ పాస్‌పోర్టయితే మీకూ వీసా కావాలి. మీరు అక్కడ నివసిస్తున్నారు కనుక లండన్‌లోనే వేసుకోవచ్చు. వేసవి దగ్గరపడేకొద్దీ అపాయింట్‌మెంట్లు దొరకవు.

థేమ్స్ తీరం — మార్చి 4
గట్టు గారూ, ఇది చెప్పి చాలా మేలు చేశారు. వాళ్ళు ఇక్కడికి వచ్చాక చూద్దామనే అనుకున్నాము. మా ఇద్దరివీ భారతీయ పాస్‌పోర్టులే, పిల్లలవి బ్రిటిష్‌వి. ఈ వారమే రెండు చోట్లా మొదలుపెడతాము.

ఇప్పుడు తిండి సంగతి. అత్తయ్యగారు ఊరి నుంచి నెయ్యి, ఆవకాయ, పొడులు తెస్తామంటున్నారు. వాటినే దీవికీ పట్టుకెళ్ళవచ్చా?

కాకినాడ కాజా — మార్చి 4
తప్పకుండా పట్టుకెళ్ళండి. సెలవుల్లో తిండి బాగుంటేనే పెద్దవాళ్ళ ప్రాణం కుదుటపడుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, ఆవకాయ, గోంగూర, కాచిన నెయ్యి, చింతపండు గుజ్జు, వేయించిన ఉప్మా రవ్వ, ఇంగువ వేసిన పోపు దినుసులు కలిపి ఒక డబ్బా. నేనైతే పచ్చి కరివేపాకు కూడా తడిగుడ్డలో చుట్టి పెడతాను. పులిహోర ముద్ద చేసి పెట్టుకుంటే అన్నం ఉడికిన పది నిమిషాల్లో భోజనం సిద్ధం.

నాంత్ నివాసి — మార్చి 4
కాజా పిన్నిగారూ, మీ జాబితాలో రెండు వస్తువులు సరిహద్దు దాటవు. ఇంగ్లండు ఇప్పుడు ఐరోపా సమాఖ్యలో లేదు. సమాఖ్య బయటి దేశం నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. విమానమైనా, ఓడైనా, సముద్రం కింద కార్లను దాటించే సొరంగం రైలైనా అదే నియమం. నెయ్యి, పనీరు, పాలకోవా, కోడిమాంసం పచ్చడి దొరికితే తీసి పారేస్తారు, జరిమానా కూడా వేయవచ్చు. పసిపిల్లల పాలపొడికి మాత్రం రెండు కిలోల దాకా మినహాయింపు ఉంది. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు, కూరగాయలకు తెగుళ్ళు లేవన్న ప్రభుత్వ ధ్రువపత్రం ఉండాలి. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం వంటి కొన్నిటికే ఆ పత్రం అక్కర్లేదు. ఆవకాయ, గోంగూర, పొడులు, చింతపండు, పప్పులు, రవ్వ నిశ్చింతగా తేవచ్చు. అట్టమీద ముద్ర ఉన్న ప్యాకెట్లయితే అధికారికి ఏముందో చెప్పడం తేలిక.

నెయ్యి గురించి దిగులు పడవద్దు. ఫ్రాన్స్‌లో మంచి పేరున్న వెన్నల్లో ఒకటి ఆ ప్రాంతానిదే. షరాంత్ పోయాతు అనే పేరుతో, ఫలానా నేలలో తయారైనదని అధికారిక ముద్రతో అమ్ముతారు. ఏ సూపర్‌మార్కెట్లో అడిగినా పావుకిలో ముద్దలు దొరుకుతాయి. ఉప్పు కలపనిదే తీసుకోండి, అట్టమీద ‘దూ’ అని ఉంటుంది. ‘దెమి సెల్’ అని ఉంటే ఉప్పు కలిపినది, అది వద్దు. రెండు ముద్దలు అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి, మంట బాగా తగ్గించి కదపకుండా ఉంచండి. ముందు తెల్లటి నురుగు పైకి వస్తుంది, చిటపట శబ్దం వినబడుతుంది. ఆ శబ్దం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయే వేళకు నురుగు పక్కలకు తప్పుకొని, అడుగున గోధుమరంగు పలుకులు కనబడతాయి. అప్పుడే దించేయాలి, ఒక్క నిమిషం ఆలస్యమైనా మాడు వాసన వస్తుంది. పలుచటి గుడ్డతో వడకడితే ఇంచుమించు 400 గ్రాముల నెయ్యి వస్తుంది. మా అమ్మ అది వేసుకొని ముద్దపప్పు తిన్నాక మళ్ళీ సీసా నెయ్యి అడగలేదు.

పెరుగు ఎక్కడైనా దొరుకుతుంది. ఎర్ర కందిపప్పు లాంటి మసూరు పప్పు, బాస్మతి బియ్యం, గోధుమ రవ్వ మామూలు దుకాణాల్లోనే ఉంటాయి. దీవిలో పండే లేత బంగాళాదుంపలు మే నుంచి జులై ఆఖరు వరకే అమ్ముతారు. తొక్క గోటితో గీకితే ఊడి వస్తుంది. మీరు వెళ్ళే వారం సరిగ్గా ఆ పంట చివరి రోజులు, వేపుడుకు వాటిని మించినవి లేవు. అక్కడి ఉప్పు మడుల్లో తీసిన బూడిదరంగు గళ్ళ ఉప్పు మన కల్లుప్పే. అత్తయ్యగారు తప్పకుండా రెండు కిలోలు కొంటారు. తిరుగు ప్రయాణంలో డిక్కీలో దానికి చోటు ఉంచండి.

మాంచెస్టర్ మల్లి — మార్చి 4
పాత్రల గురించి ఎవరూ చెప్పలేదు. టెంటులో గిన్నెలు, పెనం, కత్తులు ఉంటాయి. కానీ మీకు ముందు వారం ఉన్నవారు వాటిలో ఏమి వండారో తెలియదు. అత్తయ్యగారి పట్టింపు తెలుసు కనుక చిన్న కుక్కరు, ఒక బాణలి, ఒక అడుగు మందం గిన్నె, రెండు గరిటెలు, చాకు, ఆమె కంచం, గ్లాసు ఇంటి నుంచే తీసుకువెళ్ళండి. ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలైతే ఎక్కువ చోటు పట్టవు. కుక్కరు లోపల పప్పు పొట్లాలు, పోపు డబ్బా పెట్టేయవచ్చు.

బయట ఆకలేస్తే రొట్టెల దుకాణంలో ‘త్రదిస్యోన్’ అని రాసి ఉన్న బగెత్ అనే పొడవాటి రొట్టె కొనండి. దానిలో ప్రధానంగా గోధుమపిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టే పదార్థం మాత్రమే ఉండాలని 1993లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. గుడ్డు, పాలు, వెన్న ఉండవు. నెలవంకలా ఉండే క్రువాసాఁ రొట్టె పైన మాత్రం మెరుపు కోసం గుడ్డు పూస్తారు, అది ఆమెకు పెట్టకండి.

ఈత బట్టల సంగతి కూడా గట్టిగా చెప్పాలి. క్యాంపు ఈతకొలనులో మగవారు, మగపిల్లలు వదులు నిక్కర్లతో దిగితే బయటికి పంపేస్తారు. ఒంటికి అతుక్కునే పొట్టి ఈత నిక్కరే వేసుకోవాలి. ఆడవారు పంజాబీ దుస్తులతో, లెగ్గింగ్స్‌తో దిగనివ్వరు. కొన్నిచోట్ల తలకు టోపీ కూడా అడుగుతారు. సముద్రపు ఒడ్డున ఈ పట్టింపులు లేవు. పిల్లలకు చేతులు, మెడ కప్పే ఈత చొక్కాలు అక్కడ వేయండి, ఎండకు తోలు కమిలిపోకుండా ఉంటుంది.

కరెంటు మాస్టారు — మార్చి 5
టెంటుకు ఎన్ని ఆంపియర్ల కరెంటు ఇస్తారో అడిగి తెలుసుకోండి. ఫ్రాన్స్‌లో 230 వోల్టులు. 10 ఆంపియర్లు ఇస్తే ఒకేసారి 2,300 వాట్లు వాడుకోవచ్చు, 6 ఇస్తే 1,380 మాత్రమే. ఇంగ్లండు కెటిల్ ఒక్కటే రెండువేల వాట్లు దాటుతుంది. 6 ఆంపియర్ల చోట అది పెట్టిన మరుక్షణం మీటరు దగ్గర స్విచ్చు పడిపోతుంది. 10 ఉన్నా హీటరు, కెటిల్ ఒకేసారి పనికిరావు. రైస్ కుక్కరు బదులు గ్యాసు స్టవ్వు మీద చిన్న ప్రెషర్ కుక్కరే మంచిది. కానీ స్టవ్వు గ్యాసుదా, ఇండక్షనా అన్నది కూడా అడగాలి. అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ మీద పనిచేయదు.

అక్కడి సాకెట్టుకు రెండు గుండ్రటి రంధ్రాలు, ఎర్త్ పిన్ను సాకెట్టులోంచే బయటికి వచ్చి ఉంటుంది. ఒక్క అడాప్టరు, దానికి మీ ఇంటి నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే ఆరుగురి ఫోన్లకూ సరిపోతుంది. సొంతంగా గ్యాసు సిలిండరు పట్టుకెళ్ళవద్దు. బొగ్గుల పొయ్యి చాలా క్యాంపుల్లో నిషేధం, ఎండాకాలం నిప్పు భయం ఎక్కువ.

టార్చిలైట్లలో నుదుటికి కట్టుకునే రకం ప్రతి ఒక్కరికీ ఒకటి తీసుకోండి. చేతులు ఖాళీగా ఉంటాయి. పెద్దాయన మంచం పక్కన బ్యాటరీ బెడ్‌ల్యాంపు రాత్రంతా సన్నగా వెలుగుతూ ఉండాలి.

బ్రిటనీ బాటసారి — మార్చి 5
దారి గురించి. సొరంగం రైల్లో ఇంగ్లండులోని ఫోక్‌స్టన్ నుంచి ఫ్రాన్స్‌లోని కాలే 35 నిమిషాలే కానీ, అక్కడి నుంచి దీవికి ఎదురుగా ఉన్న లా రోషెల్ ఊరు దాదాపు ఏడు వందల కిలోమీటర్లు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని రోజంతా కార్లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు. పోర్ట్స్‌మత్ నుంచి ఫ్రాన్స్‌లోని సాన్ మాలో రేవుకు రాత్రి ఓడ ఉంది. గదిలో మంచం మీద నిద్రపోయి పొద్దున దిగితే మిగిలేది మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. డబ్బు ఎక్కువవుతుంది, ఒప్పుకుంటాను. అయినా ఆరుగురి కాళ్ళ కోసం ఆ ఖర్చు పెట్టవచ్చు.

కారు పైన సామాను పెట్టె బిగిస్తే దాని ఎత్తు కొలిచి బుక్ చేయండి. సొరంగం రైల్లో 1.85 మీటర్లు దాటిన బండ్లకు వేరే బోగీ, వేరే ధర. ఓడలోనూ ఎత్తు అడుగుతారు. ఫ్రాన్స్‌లో కార్లో, బండి ఆగిపోతే రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం, మెరిసే చొక్కా తప్పనిసరి. ఆ చొక్కా డిక్కీలో కాకుండా సీటు దగ్గర ఉండాలి. పదేళ్ళలోపు పిల్లలకు వాళ్ళ ఎత్తుకు తగిన సీటు ఉండాలి, మీ ఇద్దరు పిల్లలూ ఆ లెక్కలోకి వస్తారు. ఎదురు బండ్లవారి కళ్ళలో వెలుగు పడకుండా ఇంగ్లండు కారు హెడ్‌లైట్లకు అతికించే చుక్కలు కూడా కొనండి.

లా రోషెల్ నుంచి దీవికి వంతెన ఉంది. 1988లో కట్టారు, ఇంచుమించు మూడు కిలోమీటర్లు. వేసవిలో కారుకు సుంకం 16 యూరోలు, మిగతా కాలంలో సగం. దీవిలోకి వెళ్ళేటప్పుడే కట్టాలి, తిరిగి వచ్చేటప్పుడు అక్కర్లేదు. ఆ సొమ్మును దీవి ప్రకృతిని కాపాడడానికి కూడా వెచ్చిస్తారు. శనివారం మధ్యాహ్నం అందరూ ఒకేసారి వస్తారు. పన్నెండు లోపు వంతెన దాటి, టెంటు ఇచ్చే సమయం వరకు ఊళ్ళో తిరగడం మేలు.

ఒంటిమిట్ట ఓపిక — మార్చి 5
అందరూ సామాను గురించే చెబుతున్నారు, అసలు ప్రశ్న మరిచిపోయారు. అరవై దాటినవారిని గుడ్డ గోడల మధ్య పడుకోబెట్టడం నాకు సరైన పనిగా అనిపించడం లేదు. ఇల్లు అద్దెకు తీసుకోండి, లేదా అదే క్యాంపులో మొబిల్ హోమ్ అనే చిన్న చెక్క ఇళ్ళు ఉంటాయి, అవి తీసుకోండి. పిల్లల సరదాకు ఒక చిన్న టెంటు బయట వేసుకోవచ్చు కదా. ఎక్కడో పరాయి దేశంలో, చీకట్లో, మోకాళ్ళ నొప్పితో ఆయన పడితే ఎవరు బాధ్యులు?

నాంత్ నివాసి — మార్చి 5
ఒంటిమిట్ట గారి భయంలో న్యాయం ఉంది. మొబిల్ హోమ్ మంచి మార్గమే. అందులో మరుగుదొడ్డి, గట్టి గోడ, హీటరు ఉంటాయి. కానీ గడప దగ్గర రెండు మూడు మెట్లు ఉంటాయి, లోపలి మరుగుదొడ్డి గది చాలా ఇరుకు. నేల మీదే చెక్క పలకలు పరిచిన పెద్ద టెంటులో మెట్టు ఒకటే, లోపల నిలబడి తిరగవచ్చు. కాబట్టి గోడ గుడ్డదా, చెక్కదా అన్నది అంత ముఖ్యం కాదు. మంచం ఎత్తు, మెట్ల సంఖ్య, మరుగుదొడ్డి దూరం, ఈ మూడు చూసి నిర్ణయించండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు — మార్చి 6
అమ్మాయీ, నాకు డెబ్బై ఏళ్ళు దాటాయి. మా అబ్బాయి కుటుంబంతో ఫ్రాన్స్‌లో ఇలాంటి టెంటులో ఉన్నాను కనుక చెబుతున్నాను. మీరంతా మీ మామగారి మోకాళ్ళ గురించి మాట్లాడుతున్నారు, ఆయన్ని ఎవరైనా అడిగారా? మా వయసు వాళ్ళకు బాధ కలిగించేది టెంటు కాదు. మన వల్ల పిల్లల సెలవులు పాడవుతున్నాయేమో అన్న మొహమాటం అంతకంటే ఎక్కువ బాధిస్తుంది. ఆయనకు ఫొటోలు పంపించి, ఏముంటుందో ఏముండదో ఉన్నదున్నట్లు చెప్పి, ఆయన మాట వినండి.

నేను గమనించినవి రాస్తున్నాను. క్యాంపు కుర్చీలు చాలా పల్లంగా ఉంటాయి, కూర్చుంటే లేవలేము. చేతులున్న ఎత్తు మడతకుర్చీ ఒకటి ఇంటి నుంచి తీసుకువెళ్ళండి. ఆయన వారమంతా హాయిగా బయట కూర్చుంటారు. టెంటు తలుపు జిప్పు కింది అంచు దాకా వంగి లాగాలి. జిప్పు కొసకు మూరెడు తాడు కట్టి ఉంచండి, నిలబడే తీయవచ్చు. గడప దగ్గర గుడ్డ అంచు చీలమండ ఎత్తు లేచి ఉంటుంది, రాత్రి దానికే కాలు తట్టుకుంటుంది. తెల్ల టేపు ముక్క అంటించండి. మరుగుదొడ్డిలో నీళ్ళ గొట్టం ఉండదు, ఒక ప్లాస్టిక్ చెంబు పెట్టుకోండి. వెనుక కట్టు ఉన్న చెప్పులు తీసుకురమ్మనండి, హవాయి చెప్పులతో ఇసుకలో, తడి గడ్డిలో నడవడం ప్రమాదం. రోజూ వాడే మందులు రెట్టింపు తెచ్చుకొని రెండు వేర్వేరు సంచుల్లో పెట్టుకోవాలి. డాక్టరు చీటీలో మందు అసలు పేరు ఉండాలి. కంపెనీ పెట్టిన పేరు ఫ్రాన్స్ మందుల దుకాణంలో అర్థం కాదు. ఆపద వస్తే 112.

థేమ్స్ తీరం — మార్చి 6
మాస్టారూ, మీకు నమస్కారాలు. ఈ సాయంత్రమే ఫోను చేసి మాట్లాడతాను. జిప్పు తాడు, తెల్ల టేపు మాకెప్పటికీ తట్టేవి కావు.

పిల్లల కోసం ఇంకొక ప్రశ్న. ఇద్దరికీ ఈత అంతంతమాత్రమే. అక్కడ సముద్రం ఎలా ఉంటుంది? సైకిళ్ళు ఇక్కడి నుంచే మోసుకెళ్ళాలా?

నాంత్ నివాసి — మార్చి 6
సైకిళ్ళు మోయకండి. ప్రతి ఊళ్ళోనూ అద్దెకు దొరుకుతాయి. పెద్దవారి సైకిలు వెనుక తగిలించే పిల్లల బండి, ఎలక్ట్రిక్ సైకిళ్ళు కూడా ఇస్తారు. జులైకి ముందే బుక్ చేసుకోవాలి. హెల్మెట్లు మాత్రం మీవే తెచ్చుకోండి, పిల్లల తలకు అలవాటైనవి ఉంటాయి. పన్నెండేళ్ళలోపు పిల్లలకు హెల్మెట్ 2017 నుంచి తప్పనిసరి. దీవి పొడవు ముప్పై కిలోమీటర్లు, అంతా చదును నేల. ఎత్తైన చోటు కూడా ఇరవై మీటర్లకు అటూఇటుగానే ఉంటుంది. సైకిలు దారులు వంద కిలోమీటర్లకు పైనే. ద్రాక్షతోటల మధ్య నుంచి, ఉప్పు మడుల గట్ల మీద నుంచి పోతాయి, కార్ల బెడద ఉండదు. పొద్దున గాలికి ఎదురు వెళ్ళి, అలసిపోయాక గాలివాలుగా తిరిగి వచ్చేలా దారి ఎంచుకోండి.

సముద్రం రెండు రకాలు. దక్షిణపు ఒడ్డున, ల బ్వా ప్లాజ్ అనే ఊరి వైపు, పొడవాటి ఇసుక తీరం, అలలు బలంగా విరుగుతాయి. ఉత్తరపు వైపు లోపలికి చొచ్చుకొచ్చిన బేలో నీళ్ళు నెమ్మది, కానీ పాటు వేళకు నీరంతా వెళ్ళిపోయి బురద మిగులుతుంది. ఆటుపోట్ల పట్టిక క్యాంపు కార్యాలయంలో ఇస్తారు. అందులో సమయాల పక్కన 20 నుంచి 120 దాకా ఒక సంఖ్య ఉంటుంది. అది తొంభై దాటిన రోజుల్లో నీరు చాలా దూరం వెనక్కు పోతుంది, అంతే వేగంగా తిరిగి వస్తుంది. రాళ్ళ మీద పీతలను చూస్తూ పిల్లలు మైమరిచిపోతారు. కాబట్టి పాటు అడుగంటే సమయానికే వెనుదిరగాలి. ఆల్చిప్పలు కత్తిలా కోస్తాయి, రబ్బరు బూట్లు తప్పనిసరి. రాళ్ళు పేర్చిన అర్ధచంద్రాకారపు పాత చేపల గోడలు కనబడతాయి. సున్నం, సిమెంటు లేకుండా ఊరివాళ్ళు కట్టుకున్నవి, వాటి మీద ఎక్కనివ్వకండి. స్నానానికి జులై, ఆగస్టుల్లో కాపలాదారులున్న తీరానికే, వాళ్ళ జెండాల మధ్యకే వెళ్ళండి. ఎర్ర జెండా ఎగిరితే కాలు కూడా తడపకూడదు.

పాపకు గాడిదలను చూపించండి. ఉప్పు మడుల్లో పనిచేసిన గాడిదలకు దోమలు, ఈగలు కుట్టకుండా కాళ్ళకు చారల పైజామాలు తొడిగేవారు. దీవిలోని సాన్ మార్తాన్ అనే ఊళ్ళో ఇప్పటికీ అలా తొడిగి పిల్లలను ఎక్కించుకుంటారు. ఆ దోమలు ఇప్పుడూ ఉన్నాయి, మడుల పక్క క్యాంపు అయితే సాయంత్రం నిండు చేతుల చొక్కాలు, ఒంటికి పూసుకునే మందు కావాలి. సాన్ మార్తాన్ చుట్టూ నక్షత్రం ఆకారంలో ఉన్న కోటగోడలను వోబాన్ అనే సైనిక ఇంజనీరు 1681 నుంచి కట్టించాడు, 2008లో యునెస్కో జాబితాలో చేరాయి. మామయ్యగారు గోడ పక్కన చదునుగా ఉన్న దారిలో నడవవచ్చు. దీవి కొసన ఉన్న దీపస్తంభానికి 257 మెట్లు. బాబును మీవారితో పైకి పంపి, పెద్దవాళ్ళతో మీరు కింద తోటలో కూర్చోండి.

కాకినాడ కాజా — మార్చి 7
పచ్చి కరివేపాకు సంగతి తెలిశాక నా డబ్బా మార్చేశాను. ఎండబెట్టిన ఆకు పొడి చేస్తే సరిపోతుంది. బట్టలు ఆరేసుకునే తాడు, క్లిప్పులు ఎవరూ రాయలేదు. ఉప్పు గాలికి తువ్వాళ్ళు త్వరగా ఆరవు, మనిషికి రెండు పలుచటివి మేలు.

థేమ్స్ తీరం — మార్చి 9
మామయ్యగారితో మాట్లాడాను. టెంటు ఫొటో చూసి ఆయనే, “చిన్నప్పుడు లంకల్లో పుచ్చతోట కాపలాకు పాకలో పడుకునేవాణ్ణి, నాకు చెక్క ఇల్లు ఎందుకు? టెంటే తీసుకో” అన్నారు. మరుగుదొడ్డి లోపల ఉన్న, ఒకటే మెట్టున్న ఆరుగురి టెంటు ల బ్వా ప్లాజ్‌లో దొరికింది. కారు ఆపే చోటికి దగ్గరలో ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాము, సరేనన్నారు. 10 ఆంపియర్లు, గ్యాసు స్టవ్వు. ఓడకు కూడా ధర చూశాము, వెళ్ళేటప్పుడు సాన్ మాలో, తిరిగి వచ్చేటప్పుడు సొరంగం.

డిక్కీలో ఎత్తు కుర్చీ, అత్తయ్యగారి వంట పెట్టె, మనిషికి ఒక మెత్తటి సంచి, ఒక పక్కగుడ్డల సంచి. మిగతావన్నీ అక్కడే కొంటాము. సామాను కుదించడానికి ఇది చాలదేమో, ఇంకా ఏదైనా తీసేయవచ్చా?

మాంచెస్టర్ మల్లి — మార్చి 9
పిల్లల ఇసుక బొమ్మలు, పెద్ద గొడుగు తీసేయండి, అక్కడి దుకాణాల్లో చవకగా దొరుకుతాయి. గట్టి సూట్‌కేసులు ఒక్కటి కూడా వద్దు. మెత్తటి సంచులైతే సీట్ల కింద దూరుతాయి. స్వెటర్లు మాత్రం తగ్గించకండి.

గోదావరి గట్టు — మార్చి 9
టెంటు బుకింగు రశీదునే బసకు రుజువుగా వీసా దరఖాస్తులో పెడతారు కదా. అందులో ఆరుగురి పేర్లూ ఉండాలి, అదీ పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే, ఇంటిపేరుతో సహా. చాలా క్యాంపులు బుక్ చేసినవారి పేరు ఒక్కటే రాసి, మిగతావారిని ‘అయిదుగురు’ అని వదిలేస్తాయి. హైదరాబాదులో అత్తయ్యగారి, మామయ్యగారి అపాయింట్‌మెంటు తేదీలోగా పేర్లన్నీ రాసిన కొత్త రశీదు తెప్పించుకొని వాళ్ళకు పంపండి.